మూడో నంబరు పుస్తకం

నిన్న సోమవారం పొద్దుగాల నేను పోయేసరికే దవాఖాన అరుగు మీద పుస్తకాలు వరుసగ పెట్టి ఉన్నయి. ఒకటి, రెండు, దాని తర్వాత పిడికెడంత నల్లరాయి, రాయి తర్వాత మళ్ల పుస్తకాలు. మూడో పుస్తకం ఉండవలసిన జాగల రాయి కూసున్నది. నేను పోయిన రెండు తడవలు రాలే. కేసముద్రంల మా చెల్లె కొత్తిల్లు కట్టుకుంటే, వారం ఉండొస్త అని పోయి నెల ఉండి మొన్ననే వచ్చిన.

"ఈ రాయేంది? ఎవల నంబరు ఇది?" అని అడిగిన.

మొదటి నంబరు ముసలాయన నెత్తి గోక్కున్నడు. "నీకు ఎరుకలేదా షావుకారమ్మా? ఆమె పోయింది. ఇరవై దినాలాయె. రాయిని ఎవలు కదిలియ్యద్దని ఏటూరునాగారం ఆమె చెప్పింది. మేం సుత గట్లనే ఉంచినం."

మనిషి పోయిందంటే ఎవలైనా అయ్యో అంటరు. నేను సుత అన్న. కానీ అబద్ధం ఎందుకు చెప్పాలె, ఆ అయ్యో నోటి కాడనే ఆగింది. లోపల మాత్రం భగ్గుమన్నది. చూసినవా, పోయినంక సుత దీని నంబరు దీనికే ఉన్నది! ఇరవై మంది పరగడుపున కూసొని, ఆకలికి కండ్లు తిరుగుతాంటే, ఒక్కరన్న ఆ రాయిని జరిపి ముందుకు పోలే. నేను పోతే నా జాగల ఎవలన్న రాయి పెడ్తరా? బస్సుల సీటు మీద దస్తీ వేస్తేనే తీసి అవతల పారేస్తరు. నా పుస్తకం ఏడో జాగల పెట్టి స్తంభానికి ఒరిగి కూసున్న.

నోట్ల చక్కెర, కడుపుల కత్తెర అని సామెత ఉన్నది గదా, అది నన్ను చూసే పుట్టింది. చక్కెరను డాక్టరు బందు పెట్టించి పన్నెండేండ్లాయె. ఇంక మిగిలింది కత్తెరే.

ఆమె పేరు చెప్పను. అరుగు మీద ఎవలకూ పేర్లు ఉండయి. మాది బజార్ల స్టీలు సామాన్ల దుకాణం కాబట్టి నన్ను షావుకారమ్మ అంటరు. ఆమెను మూడో నంబరామె అనేటోళ్లు. ఆమె అసలు పేరు నేను నా నోటితోని ఒక్కసారే పలికిన. ఆ ముచ్చట వస్తది, ఆగుండ్రి.

ముందు ఈ దవాఖాన సంగతి చెప్పాలె. ఇది సర్కారుది కాదు. ఎనుకట బజారు వ్యాపారులు చందాలు వేసుకొని కట్టిన ధర్మ దవాఖాన. లోపలికి పోంగనే గోడకు పాలరాతి పలక ఉంటది. చందాలిచ్చినోళ్ల పేర్లు చెక్కి ఉంటయి, అండ్ల నాలుగో పేరు మా మామది. ఒక సోమవారం విడిచి ఒక సోమవారం షుగరోళ్లకు చూస్తరు. తెల్ల రేషన్ కార్డు ఉన్నోళ్లకు తెల్ల అట్ట పుస్తకం, వాళ్లకు గోలీలు ఉత్తగనే. కార్డు లేనోళ్లకు నీలం అట్ట పుస్తకం, వాళ్లకు సగం ధర. పాలరాతి పలకకు ఎదురు గోడకు ఒక నల్లబోర్డు ఉంటది. కార్డు లేకుండ ఉత్తగ గోలీలు తీసుకున్నా, తీసుకున్న గోలీలు ఇంకొకలకు ఇచ్చినా జుర్మానా. జుర్మానా కట్టినోళ్ల పేరు నెల దినాలు ఆ బోర్డు మీద సుద్దముక్కతోని రాసి ఉంచుతరు. ఒక గోడకు పుణ్యం, ఒక గోడకు పాపం. నడుమ మేం పరగడుపున కూసుంటం.

వరుసల మనుషులు నిలబడరు, పుస్తకాలు నిలబడ్తయి. తెల్లారంగనే వచ్చి పుస్తకం అరుగు మీద పెట్టి, ఎవల పని వాళ్లు చూసుకొని తిరిగి వస్తరు. ఒక్కరు సుత ఒకల పుస్తకం ఒకలు జరపరు. ఆమె పుస్తకానికి పాత క్యాలెండరు కాగితం అట్ట. ఆమె ఏ యాళ్లకు వచ్చినా అది మూడో జాగలనే ఉండేది. మొదటి జాగ ఖాళీగ ఉన్నా ఆమెకు వద్దు.

"ఎందుకే ఆ మూడో నంబరు మీద అంత పావురం?" అని ఎవలో అడిగితే చెప్పింది.

"మొదటి నంబరుకు నెత్తురు తీసే సారు నిద్రమబ్బుల ఉంటడు, సూది సక్కగ దిగదు. రెండో నంబరుకు చాయ్ వస్తది, సారు పానం చాయ్ మీద ఉంటది. మూడోదానికి చాయ్ తాగి నిమ్మళంగ ఉంటడు. నాలుగో నంబరు సంది సారుకు ఫోన్లు మొదలైతయి."

అందరు నవ్విండ్రు. నేను నవ్వలే గానీ, ఆ దినం సంది మూడో నంబరు మీద నా కండ్లు పడ్డయి. తర్వాతి తడవ చీకటి విచ్చుకోకముందే పోయి నా పుస్తకం మూడో జాగల పెట్టిన. ఇంటికి పోయొచ్చేసరికి అది నాలుగో జాగల ఉన్నది, మూడో జాగల క్యాలెండరు అట్ట. ఎవలు జరిపిండ్రని లొల్లి పెట్టిన. ఒకలు గాదు, ముగ్గురు ఒక్కసారే అన్నరు, "అది ఆమెది గదా షావుకారమ్మా" అని. ఆమె అప్పటికి ఇంకా రానే రాలే. ఆమె పుస్తకాన్ని వేరేటోళ్లు తెచ్చి పెట్టిండ్రు! మా మామ పేరు రాతి మీద ఉన్నది, నాకు అరుగు మీద జానెడు జాగ లేదు.

ఆమెది మిర్చి పని. మార్కెట్ యార్డుల మిరపకాయల తొడిమెలు తీసేది. వేళ్ల కణుపులల్ల ఎర్రటి దుమ్ము ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. చెయ్యితోని మొకం ముట్టుకునేది కాదు. చెమట పట్టినా, కన్నీళ్లొచ్చినా మోచెయ్యి లేపి, మడిచిన చెయ్యి వెనకతోని తుడుచుకునేది. ఆమె పక్కన కూసుంటే తుమ్ములు వస్తయి. అయినా ఆమె పక్కన కూసోనీకి కొట్లాడేటోళ్లు. నా పక్కన చోటు ఎప్పుడూ ఖాళీయే.

నెత్తురు తీసే సారు "ఏ వేలమ్మా?" అంటే, ఆమె ఎడమ చెయ్యి చిటికెన వేలు చాపేది. "దీన్నే పొడువు సారూ. పది వేళ్లల్ల ఇదే పనిదొంగ. తొడిమె తీసేకాడ ఇది ఒక్కటే పక్కకు నిలబడి చూస్తది." సారు పొడిచి చుక్క పిండుతాంటే చూసుకుంట, "వేలు కారం, నెత్తురు తీపి. గిదేం పుట్టుకనో నాది!" అనేది. అంత బిగుసుకొని ఉండే సారు సుత పండ్లు బయట పెట్టేటోడు. కొన్ని దినాలకు వరుసల అందరు చిటికెన వేలే ఇయ్యవట్టిండ్రు. నేను మాత్రం పంతంగ ఉంగరం వేలు ఇచ్చేది. ఉంగరం తీయ రాక, సబ్బు రాసి, నానా తిప్పలు పడేది. అయినా సరే, ఆమె చేసింది నేను చెయ్యద్దు.

పరగడుపు నెత్తురు తీసినంక తినాలె, తిన్న రెండు గంటలకు మళ్ల పొడుస్తరు. ఆ నడుమ అరుగు మీద డబ్బాలు విప్పుతరు. నాది రెండు ఇడ్లీలు, చట్నీ లేకుండ. ఆమెది సర్వపిండి. బియ్యప్పిండి తక్కువ, జొన్నపిండి ఎక్కువ, నువ్వులు, పల్లీలు, పచ్చి ఉల్లిపొరక. మూత తీయంగనే అరుగంత వాసన. ఎనిమిది ముక్కలు చేసి ఏడు పంచేది.

"తీస్కో షావుకారమ్మా. నూనె చుక్కలు లెక్కవెట్టి పోసిన."

"మేం గసొంటివి తినం" అనేది నేను. నోట్ల నీళ్లు ఊరుతాంటే ఇడ్లీ కొరుకుడు ఎంత కష్టమో, కొరికినోళ్లకే తెలుస్తది.

ఒకసారి ఆమె మా దుకాణానికి సర్వపిండి గిన్నె కొననీకి వచ్చిందట. నేను లేను. పోతాపోతా మా ఆయన చేతుల ఒక ముక్క పెట్టిపోయింది. ఆయన ఇంటికొచ్చి, "మా అమ్మ పోయినంక అసొంటి సర్వపిండి తినలేదే" అన్నడు. అంతటితోని ఊకున్నడా? గిన్నె ధర తగ్గించి సుత ఇచ్చిండు! నేను మా చెల్లెకు పళ్లెం కావాలన్నా రూపాయి తగ్గియ్యడు. ఆ వారం నేను పట్టువట్టి మూడుసార్లు సర్వపిండి చేసిన. ఒకటి మాడింది, ఒకటి విరిగింది, ఒకటి మంచిగనే వచ్చింది. ఆయన తిని, "బాగున్నది" అన్నడు. బాగున్నది అని ఎట్లన్నడో నాకు తెలుసు, ముప్పై ఏండ్ల కాపురం మాది.

ఇగ నా పుస్తకం సంగతి. అప్పుడు నాది సుత తెల్ల అట్టదే. మాకు తెల్ల కార్డు ఉండె. ఆ బియ్యం మేం తినం గానీ దోశల పిండికి మంచిగుంటయని కంట్రోల్ దుకాణం నుంచి తెచ్చుకునేది. తర్వాత సామాను మోయనీకి మా ఆయన నాలుగు గీరల బండి కొన్నడు, కార్డు రద్దయింది. మా ఆయన ఆ దినమే చెప్పిండు, "దవాఖానల పుస్తకం మార్చుకోయే, నీలం అట్టది తీసుకో" అని. సరే అన్న. మార్చలే. వారానికి మళ్ల అడిగిండు. మార్చిన అన్న.

పైసలకు కాదు. మాకేం తక్కువ? తెల్ల పుస్తకపోళ్ల కిటికీ కాడ ఆమె ఉంటది, అక్కడ నవ్వులుంటయి. నీలం పుస్తకపోళ్ల కిటికీ అవతల దిక్కు, అక్కడ ఎవలతోని ఎవలు మాట్లాడరు. ఇంకోటి చెప్త, సిగ్గిడిచి. ఆమెకు ఉత్తగ ఇచ్చేదానికి నేను పైసలు ఇయ్యాల్నా? ఇది మా మామ కట్టించిన దవాఖాన గాదా? గిట్ల నాకు నేనే న్యాయం చెప్పుకున్న. ఎనిమిది నెలలు తెల్ల పుస్తకంతోనే గోలీలు తెచ్చుకున్న.

షుగరు అంకెలు సారు పెద్దగొంతుతోని చదువుతడు. నాకు అది పరీక్షల పేపరు లెక్క. సోమవారం కోసం శనివారం సందే కడుపు మాడ్చుకునేది, ఎట్లన్న చేసి ఆమె కంటె తక్కువ అంకె రావాలని. ఎప్పుడూ రాకపోయేది. ఆమె సర్వపిండి తిని, పోకచెక్కలు నములుకుంట నూట ఇరవై, నేను పస్తులుండి నూట తొంబై. ఆమె బొడ్ల సంచిల చిన్న అడకత్తెర ఉండేది, మాట్లాడుకుంటనే పోకచెక్కను టక్కుమని రెండు చేసేది. ఆ చప్పుడు వింటేనే నాకు మండేది.

ఎండకాలం మొదట్ల ఆమె అంకె పెరగవట్టింది. నూట అరవై అన్నడు సారు. తర్వాతి తడవ రెండొందల పది. ఆ తర్వాత రెండొందల ఎనబై. ఆమె మోచెయ్యి లేపి మొకం తుడుచుకొని, "మిర్చి సీజన్ గదా సారూ, నిద్రలేదు" అన్నది. ఆ దినం నేను ఇంటికి నడుచుకుంట పోయిన, ఆటో సుత ఎక్కలే. అంత ఖుషి అయింది నాకు. ఎందుకు పెరుగుతాందో అడగాలని మాత్రం తోచలే. ఒక మనిషి పానం మీదికొస్తాంటే సంబురపడ్డ. ఇయ్యాల చెప్పుకుంటాన గానీ, ఆ దినం దేవునికి అగర్బత్తి సుత ముట్టించిన.

ఒక సోమవారం గోలీలు తీసుకొని, నీళ్లు తాగనీకి దవాఖాన వెనక నల్లా కాడికి పోయిన. మెట్ల మీద ఆమె, ఆమె పక్కన ఇంకో ఆడమనిషి. ఏటూరునాగారం దిక్కు నుంచి మిర్చి పనికొచ్చిన మనిషి, ఆమెకూ షుగరే. కార్డు ఊరి మీద ఉన్నది, ఇక్కడ చెల్లదు, అందుకే తెల్ల పుస్తకం ఇయ్యలే, నీలం దానికి సగం ధర కట్టనీకి పైసలు లేవు. అరుగు మీదికి వచ్చి ఉత్తగ కూసొని పోయేది. ఇద్దరి నడుమ కాగితం పరిచి ఉన్నది. మూడో నంబరామె అడకత్తెరతోని గోలీలు కత్తిరిస్తాంది. టక్, టక్. సగం ఇటు, సగం అటు.

ఎందుకు అంకె పెరుగుతాందో అప్పుడు ఎరుకైంది. ఏమనిపించాలె నాకు? అయ్యో, తన గోలీలు తను తినకుండ పంచుతాంది, సర్వపిండి పంచినట్టు, అనిపించాలె. నాకేమనిపించిందో చెప్పమంటరా? దొరికింది అనిపించింది.

సక్కగ కిటికీ కాడికి పోయిన. క్లర్కు మేడం ఏదో రాసుకుంటాంది. "మేడం, మీరు ఉత్తగ ఇచ్చే గోలీలు వెనక మెట్ల మీద పంచుకుంటాండ్రు, జర చూసుకోండ్రి" అన్న. ఆమె లేచొచ్చి ఎవలు అన్నది. నేను నోటితోని పేరు చెప్పలే. వెనక తలుపు సందుల నుంచి ఈ చూపుడు వేలు పెట్టి చూపెట్టిన. గురివింద గింజకు తన కింది నలుపు ఎరుకుండదంటరు. నాకు ఎరుకే. చేతిసంచిల రద్దయిన కార్డు మీద ఇచ్చిన తెల్ల పుస్తకం పెట్టుకొనే చెప్పిన.

పెద్ద డాక్టరు ఆమెను పిలిచి మస్తు కోపం చేసిండు. "సగం గోలీ తింటే నీకూ సాలది, ఆమెకూ సాలది. ఇద్దరి కండ్లు పోతయి, కాళ్లు పోతయి. ఇది పుణ్యం అనుకుంటానవా?" అన్నడు. ఆమె తలకాయ ఊపుకుంట విన్నది. జుర్మానా మూడు దినాల కూలి. బొడ్ల సంచిల నుంచి తీసి అక్కడనే కట్టింది. క్లర్కు మేడం నల్లబోర్డు మీద పేరు రాసి పోయింది.

నేను పక్కకు జారుకుందామని చూస్తాన. ఆమె నన్నే పిలిచింది.

"షావుకారమ్మా, నీకు సదువు వస్తది గదా. జర ఇటు రా. నా పేరు సక్కగ రాసిండ్రా, చూడు."

అందరు చూస్తాండ్రు. పోయి బోర్డు ముంగట నిలబడ్డ.

"సదువు, పెద్దగ. నా పేరు గోడకెక్కుడు ఇదే మొదలు. రేషన్ కార్డు మీద సుత తప్పు రాసిండ్రు."

చదివిన. ఇంటిపేరుతోని సహా. నేను ఆమె పేరు పలికింది అదొక్కసారే. అంత మంచి పేరని నాకు అప్పటిదాంక ఎరుకలేదు. ఆమె విని, "సక్కగనే ఉన్నది" అని మోచెయ్యితోని మొకం తుడుచుకున్నది. చెమటనో, ఇంకేందో నేను చూడలే.

దాని తర్వాత ఏమైందో చూడుండ్రి. పెద్ద డాక్టరు కమిటీ పెద్దలతోని కొట్లాడి, వేరే ఊరి కార్డయినా సరే అని ఏటూరునాగారం ఆమెకు తెల్ల పుస్తకం ఇప్పిచ్చిండు. రెండు తడవలకే మూడో నంబరామె అంకె మళ్ల దిగవట్టింది. నేను చెరుపుదామని పోతే ఇద్దరికీ మంచే అయింది. నా చాడీ సుత ఆమెకే కలిసొచ్చింది. ఇంతకంటె కడుపుమంట ఏముంటది?

ఆ నెల నిండకముందే మైకుల చెప్పిండ్రు. వచ్చే తడవ అందరు రేషన్ కార్డు తేవాలె, కంప్యూటర్ల నంబరు కొట్టి చూస్తరు అని. ఎనిమిది నెలల గోలీలు. జుర్మానా కాదు నా ఫికర్. ఒక గోడకు మా మామ పేరు రాతి మీద, ఎదురు గోడకు ఆయన కోడలి పేరు సుద్దముక్కతోని. మా ఆయనకు ఏ మొకం చూపెట్టాలె? బజారంతా ఏమంటది? ఆ దినం ఇడ్లీ డబ్బా విప్పలే. మూల స్తంభం కాడ కూసున్న.

ఆమె వచ్చి పక్కన కూసున్నది. సర్వపిండి డబ్బా మా ఇద్దరి నడుమ పెట్టింది.

"కార్డు ఫికరా అక్కా?" అన్నది. షావుకారమ్మా అనలే. అక్కా అన్నది.

"ఏం కార్డు?" అన్న, బింకంగ.

ఆమె గొంతు తగ్గించింది. "రద్దయిన కార్డులన్నీ కంట్రోల్ దుకాణం డీలరు ఆ దినమే సదివిండు. నేను లైన్లనే ఉన్న. మీ ఇంటాయన పేరు విన్న."

మెల్లగ అడిగిన, "ఎనిమిది నెలల సంది నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి ఎవలకూ చెప్పలే?"

"చెప్తే ఏమొస్తదక్కా? మీ మామ పేరు ఆ రాతి మీద ఉన్నది. ఆ ముసలాయన నవ్వులపాలైతడు. మార్చుకుంటవు లే, ఇయ్యాల గాకపోతే రేపు, అనుకున్న."

అప్పుడు చెప్పాలె నేను. నిన్ను పట్టిచ్చింది నేనే అని. నోటిదాంక వచ్చింది. చెప్పలే. "ఇప్పుడేం చెయ్యాలె?" అని అడిగిన, ఆమెనే.

"ఏమున్నది? వాళ్లు పట్టకముందే నువ్వే పో. నేనొస్త తోడు. బోర్డు మీద నా పేరు కింద మస్తు జాగ ఉన్నది" అని నవ్వింది. "తిను ముందు. పరగడుపున పోతే కండ్లు తిరిగి పడ్తవు."

తిన్న. రెండు ముక్కలు తిన్న. పన్నెండేండ్ల షుగరుల అంత రుచైన తిండి తినలే, అది చెప్పనీకి సుత నాకు ఏడుపొస్తాంది.

కిటికీ కాడికి పోయి తెల్ల పుస్తకం ఇచ్చేసిన. జుర్మానా కట్టిన. క్లర్కు మేడం సుద్దముక్క తీసుకొని పోయి ఆమె పేరు కింద నా పేరు రాసింది. ఆమె పేరు పడ్డనాడు అరుగంత చిన్నబోయింది, ఒకామె అయితే ఏడ్చింది. నా పేరు పడ్డనాడు ముసిముసి నవ్వులు. ఆమె ఒక్కతే నవ్వలే. మా ఆయన సుత వచ్చి చూసిండు. రాతి పలక దిక్కు ఒకసారి, బోర్డు దిక్కు ఒకసారి చూసి, "మా నాయిన పైసలు కట్టే పేరు ఎక్కిచ్చుకున్నడు, నువ్వు సుత పైసలు కట్టే ఎక్కిచ్చుకున్నవు" అన్నడు. నాలుగు దినాలు నాతోని మాట్లాడలే.

ఆ తర్వాత నాది నీలం పుస్తకం. గోలీల కిటికీ వేరే అయినా అరుగు ఒక్కటే గదా. రెండు మూడు నెలలు ఆమె పక్కన కూసున్న. ప్రతి తడవ చెప్దాం అనుకున్న, ఆమె డబ్బా మూత తీసేది, నా నోరు మూసుకపోయేది. కేసముద్రం పోయే ముందు సుత, వచ్చినంక చెప్త అనుకొనే పోయిన.

నిన్న ఈ ముచ్చట్లన్నీ తలుచుకుంట స్తంభం కాడ కూసున్ననా, ఏటూరునాగారం ఆమె ఉరుక్కుంట వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"వచ్చినవా షావుకారమ్మా? పోయిన తడవ నువ్వు రాకపోతివి. నీ పుస్తకం ఏది?"

"అగో, ఏడో జాగల" అన్న. "ఎట్ల పోయిందమ్మా ఆమె?"

"గుండె నొప్పి. యార్డులనే, కుప్ప కాడ కూసున్న మనిషి కూసున్నట్టే ఒరిగింది. పెద్ద దవాఖానల రెండు దినాలు ఉన్నది, మాట్లాడింది." ఆమె పోయి నా పుస్తకం తెచ్చింది. మూడో జాగల రాయి తీసి పక్కకు పెట్టి, అక్కడ నా పుస్తకం పెట్టింది.

"ఏం చేస్తానవు? అది ఆమె జాగ" అన్న నేను. నేనేనా ఆ మాట అన్నది!

"ఆమెనే చెప్పింది. నా నంబరు షావుకారమ్మకు ఇయ్యుండ్రి, పాపం ఎన్నేండ్ల సందో దాని దిక్కే చూస్తాంది, అన్నది. నువ్వొచ్చేదాంక ఎవలన్న పెట్టుకుంటరని రాయి పెట్టిన."

రాయి ఆమె కోసం కాదు. నాకోసం. పొద్దటి సంది నేను కుళ్లుకున్నది నా జాగను చూసే.

పక్కకు పెట్టిన రాయిని చేతులకు తీసుకొని అడిగిన. "ఆమెకు ఎరుకేనా... మీ గోలీల ముచ్చట క్లర్కుకు చెప్పింది ఎవలో?"

ఏటూరునాగారం ఆమె నా దిక్కు చూసింది. కోపంగ చూసినా బాగుండు. "ఆ దినమే ఎరుక. తలుపు సందుల నీ వేలు చూసింది. నాకు కోపమొస్తే ఊకోబెట్టింది. షావుకారమ్మ చెప్పబట్టే నీకు పుస్తకం వచ్చింది, ఊకో, అన్నది."

లోపల చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినొచ్చింది. "మూడో నంబరు!" అని సారు పిలిచిండు. ఎవలు లేవలే. మళ్ల పిలిచిండు. ఏటూరునాగారం ఆమె నా భుజం తట్టింది. లేచి లోపలికి పోయిన.

సారు నిమ్మళంగనే ఉన్నడు. ఆమె చెప్పింది నిజమే.

"ఉంగరం తీయండ్రి అమ్మా" అన్నడు, అలవాటు కొద్ది.

నేను చూపుడు వేలు చాపిన.

"ఇదేంది, కొత్తగ ఈ వేలు?"

"దీన్నే పొడువు సారూ" అన్న. "జర గట్టిగనే పొడువు."